చివరికి మిగిలిన వీధి

మొన్న సోమందేపల్లి బస్టాపులో నిలబడి ఉండగా ధర్మవరం నుంచి వదిన ఫోను చేసింది. "మీయన్న పోయినాడు పాపా. పొద్దున కాఫీ తాగి, కూర్చున్నోడు కూర్చున్నట్టే పోయినాడు" అంది. సొంత అన్న కాడు. ధర్మవరం లోకల్ కేబుల్ టీవీలో ఆటల కార్యక్రమం తీసిన ప్రొడ్యూసర్. అందులో నేను యాంకర్‌ని. అన్నా అని పిలిచీ పిలిచీ, నిజంగానే అన్న అయ్యాడు. ఇవాళ బడిలో జంకు లేకుండా పాఠం చెప్పుకుంటున్నానంటే అది ఆయన నేర్పిన గొంతే.

తొంభైల చివర మాట అది. అంతకు ముందు ఆయన పెనుకొండలో పెళ్లి వీడియోలు తీసేవాడు. "తలంబ్రాలు తీసీ తీసీ కళ్లల్లో బియ్యం పడినాయి" అని నవ్వేవాడు. కేబుల్ ఓనరు పిలిచి వారానికో కార్యక్రమం చెయ్యమంటే ఈ ఆట కనిపెట్టాడు. విప్పిన పట్టుచీరను మళ్లీ అంగడి మడతలోకి తేవాలి. పక్కన పొయ్యి మీద కుక్కర్ ఉంటుంది. అది విజిల్ వేయగానే చేతులు పైకెత్తాలి. గెలిస్తే చీర వాళ్లదే.

మొదటి వారమే బోల్తా పడ్డాం. మగ్గాల ఇళ్ల ఆడవాళ్లు కదా, కుక్కర్ వేడెక్కక ముందే అందరూ మడిచేసి కూర్చున్నారు. ఉన్నది ఒక్క చీర, గెలిచింది అందరూ! అన్న నెత్తిన చేతులు పెట్టుకున్నాడు. రెండో వారం నుంచి కళ్లకు గంతలు కట్టాం. మడత అయ్యాక అన్న బొటనవేలితో అంచు మీద అంచు తడిమి చూసి తల ఊపేవాడు. ఆయన తల ఊపితేనే గెలిచారని నేను చెప్పాలి.

షూటింగు చీరల అంగడి మేడ మీది గదిలో. వీధి చప్పుడు వినబడకుండా కిటికీలు మూసి, మైకులో గుయ్యిమంటుందని ఫ్యాను ఆపి, తలుపుకు గడియ పెట్టేవారు. కుక్కర్ ఆవిరి, లైట్ల వేడి, నా ఒంటి మీద పట్టుచీర. ఉడికేది పప్పో నేనో తెలిసేది కాదు. విసుక్కుంటే, "ఈడికి వచ్చేదే మన చేతిలో ఉండాది పాపా, బయటికి పోయేది లేదు" అనేవాడు. అది తన గురించే అంటున్నాడని చాలాకాలానికి గాని నాకు అర్థం కాలేదు.

ఎందుకంటే ఆ గంతల వారమే, చప్పట్లకు పొంగిపోయి, కెమెరా ముందుకొచ్చి మాటిచ్చేశాడు. "వారానికో వీధి. ధర్మవరంలో ప్రతి వీధికీ వంతు వచ్చేదాకా ఈ ఆట ఆగదు." ఎవరూ అడగలేదు. ఆయన నోరు జారితే ఊరంతా ఏరుకుంది. కూరగాయల అంగడి దగ్గర, పెళ్లిళ్లలో, ఆఖరికి చావు ఇళ్ల దగ్గర కూడా పట్టుకునేవారు. "ఏమప్పా, మా వీధి ఎప్పుడు?" హిందూపురం కేబుల్ వాళ్లకు క్యాసెట్లు ఇవ్వడానికి పోతే ఆ ఊళ్లోనూ అదే ప్రశ్న.

ఒకసారి హైదరాబాదు నుంచి పెద్ద చానల్ వాళ్లు ఆటల కార్యక్రమం తీయడానికి రమ్మన్నారు. కొత్త చొక్కా కుట్టించుకుని బయల్దేరాడు. ఇంకా వంతు రాని వీధి ఆడవాళ్లు ఆటోకు అడ్డం నిలబడ్డారు. "మా వంతు రాకుండానే యాడికి పోతాండావు?" అంతే, వెనక్కి వచ్చేశాడు. వీధులైపోనీ, పోదాం అన్నాడు. అయిపోతేగా! ఊరి చివర కొత్త కాలనీలు పుడుతూనే ఉన్నాయి. హైదరాబాదు వాళ్లు ఇంకెవరినో పెట్టుకున్నారు. వాళ్ల కార్యక్రమం టీవీలో వస్తే అన్న లేచి వంటింట్లోకి పోయేవాడు. నాకు ఒళ్లు మండేది. ఆ మాట పట్టుకుని ఎన్నాళ్లు వేలాడతావు, వెళ్లిపో అన్నా అని పోట్లాడాను. "మాటిచ్చినోడు గుంజకు కట్టిన ఎద్దు పాపా. తాడు విప్పుకునేది దానివల్ల కాదు" అన్నాడు.

తన వీధిని మాత్రం చివరకు పెట్టుకున్నాడు. ముందే ఆడిస్తే తనవాళ్లకు చీర ఇచ్చుకున్నాడంటారని భయం. వదిన ఎత్తిపొడిచేది. "వడ్డించేవాడు మనవాడైతే కడబంతిలో కూర్చున్నా అన్నీ వస్తాయంటారు. మాకింకా విస్తరే వెయ్యలే." ఎట్టకేలకు ఆ ఒక్క వీధే మిగిలింది. బహుమతి చీర కూడా ఇంటికి వచ్చింది. అదే వారం, జనమంతా పెద్ద చానళ్లే చూస్తున్నారని ఓనరు లోకల్ చానల్ మూసేశాడు. అన్న మళ్లీ పెనుకొండ పెళ్లిళ్లకే పోయాడు. హైదరాబాదు నుంచి అప్పటికి పిలిచేవాళ్లెవరూ లేరు. చీర మాత్రం వాళ్లింటి బీరువాలోనే ఉండిపోయింది.

నేను వెళ్లేసరికి అన్నను నడవలో పడుకోబెట్టారు. చుట్టూ ఆ వీధి ఆడవాళ్లే. ఆయనకు కప్పడానికి కొత్త పంచె తీయబోయి వదిన అక్కడే ఉన్న బీరువా తెరిచింది. ఆ చీర జారి కింద పడి విచ్చుకుంది. వదిన కూలబడి, కళ్లు గట్టిగా మూసుకుని, ఏడుస్తూనే దాన్ని మడవసాగింది. కొంగు, అంచు, మళ్లీ అంచు. ఎవరూ ఆపలేదు. చావింట్లో పొయ్యి వెలిగించరు కాబట్టి పక్కింటివాళ్లు మా కోసం వంట చేస్తున్నారు. వాళ్ల కుక్కర్ విజిల్ వేసింది.

వదిన చేతులు పైకెత్తింది. ఆడవాళ్లంతా ఆ మడత వైపు చూసి, తర్వాత నా వైపు చూశారు. గెలిచిందో లేదో చెప్పాల్సింది నేను. అలవాటు కొద్దీ అన్న వైపు తిరిగాను.