రెండు స్వరాలు తక్కువ

చైనాతో యుద్ధం వచ్చిన ఏడు మా బట్టల దుకాణం మీది గదిలో ఒక వేణువు పంతులు కిరాయికి ఉండేవాడు. బెజవాడ వైపు మనిషి. అడిగిన కిరాయికి బేరమాడకుండా ఒప్పుకున్నాడు. నాకు అప్పుడే అనుమానం. బేరమాడని మనిషిని నమ్మొద్దని మా ఇంట్లో ఉగ్గుతోనే నేర్పుతారు.

ఒక పొద్దున ఆయన రేడియో తిప్పుతుంటే చైనా స్టేషన్ తగిలిందట. అందులో విన్న పాటనే మధ్యాహ్నం వేణువు మీద వాయించాడు. ఎదురుగా నూనె దుకాణం నడిపే ఆయన, మేమంతా కాక అని పిలిచేవాళ్లం, మా నాన్న కూర్చునే గద్దె దగ్గరికి వచ్చాడు.

"అన్నా, మీ పంతులు చైనోళ్ల పాట ఊదుతాండు. రేపు పోలీసులొస్తే జవాబు నువ్వే చెప్పుకోవాలె."

"ఖాళీ చేయిస్త తీయ్," అన్నాడు బాపు. కానీ ఊరు కాని ఊరికి వచ్చిన మనిషి ఎక్కడికి పోతాడన్న జాలి ఆయనకు. "జర నువ్వు పోయి అరుసుకొని రారా," అని నన్ను పంపాడు. కల్తీ సరుకు పట్టడంలో బజార్లో నాకు పేరుండేది. సంగీతం ఒక్క ముక్క రాదన్న సంగతిని ఎవరూ లెక్కచేయలేదు.

"పంతులూ, స్వరాలు ఏడు గద. ఆ పాటల ఎన్నున్నయి?"

"ఐదేనండీ. చైనావాళ్ల పాత పాటలు చాలావరకు ఐదింటితోనే నడుస్తాయి."

"మరి రెండు ఎటు పోయినయి?"

"ఎటూ పోలేదండీ. మన మోహన రాగంలోనూ మ, ని ఉండవు. వాళ్లవీ ఆ ఐదే."

సరుకు ఒకటే, దుకాణం వేరు అంటున్నాడన్నమాట. ఆ మాట రోజుకు పదిసార్లు నేనే చెప్పి బట్టలమ్ముతాను. నమ్మలేదు.

"అయితే కాక ముందర మోహన వాయించున్రి. ఆయన ఒప్పుకుంటే గది మీదే."

సాయంత్రం పంతులు కళ్లు మూసుకుని వాయించాడు. కాక చివరిదాకా తలూపాడు.

"గిది మనది. దేవుని పాట లెక్కున్నది. ఆ చైనాది ఇంటే చెవుల కారం పోసినట్టుండె."

మెట్ల దగ్గర పంతుల్ని ఆపాను. "నిజం చెప్పున్రి. ఊదింది మోహననేనా?"

"సగం మోహనండీ. సగం ఆ రేడియోది. అతుకు మీకేమైనా తెలిసిందా?"

చీకట్లో కూడా బట్టలో అతుకును వేలితో తడిమి పట్టేవాణ్ణి. తెలియలేదు. నన్ను ఆట పట్టించడానికే అలా అన్నాడేమోనన్న అనుమానం ఈనాటికీ పోలేదు.

కింద బాపు ఆ గది తాళంచెవి చేతిలో పట్టుకుని నిలబడి ఉన్నాడు. "ఏమంటాండు?"

"మోహననేనట," అన్నాను.