రెండో గొంతు

బెంగళూరు మడివాళలో మైకుసెట్లు అద్దెకిచ్చే అంగడిలో నేను పదేళ్లు సౌండ్ మిక్సర్ దగ్గర కూర్చున్నాను. తొంభైల్లో వినాయకచవితి ఆర్కెస్ట్రాలు, ఎన్నికల మీటింగులు, పెళ్లి రిసెప్షన్లు, ఏదీ వదల్లేదు. మనిషెత్తు స్పీకర్ బాక్సుల పక్కన నిలబడి నిలబడి చివరికి ఎడమ చెవిలో ఒక సన్నటి కూత మొదలైంది. కుక్కర్ విజిల్ వేసే ముందు వస్తుందే, అలాంటిది. అది ఆగేది కాదు.

ఎవరికీ చెప్పలేదు. చెవి చెడిన వాడికి మిక్సర్ ఎవరిస్తారు? మళ్లీ బాక్సులు మోయడానికి పంపుతారు. ఫోను కుడి చెవికే పెట్టుకునేవాణ్ని. ఇంట్లో నా భార్య ఎడమవైపు నుంచి పిలిస్తే పలికేవాణ్ని కాదు. ఆమె అది పొగరనుకుని రెండ్రోజులు మాట్లాడేది కాదు. నిజం తెలియడం కన్నా అదే నయమనిపించేది.

రెండు వేల సంవత్సరం దాటాక ఒక మధ్యాహ్నం మహదేవపురలో ఒక సాఫ్ట్‌వేర్ కంపెనీ హాల్లో పని పడింది. టిబెట్ పూజా సంగీతం అన్నారు. సన్యాసులొస్తారనుకున్నాను. వచ్చింది జీన్స్ ప్యాంట్లు వేసుకున్న ముగ్గురు బెంగళూరు వాళ్లు. మైసూరు అవతలి టిబెట్ వాళ్ల కాలనీలో లామాల దగ్గర నేర్చుకున్నారట. ఒకతని దగ్గర మనిషి కన్నా పొడవైన ఇత్తడి కొమ్ము, ఇంకొకతని దగ్గర తాళాలు, డోలు. మూడో అతని దగ్గర ఏమీ లేదు. అతను పాడతాడన్నారు.

మైకు చూసుకోవడానికి ఖాళీ హాల్లో అతను గొంతెత్తాడు. పాట కాదు, మాట కాదు. తిరగలి తిరిగినట్టు లోతైన ఒకే స్వరం. దానికి కొమ్ము తోడయ్యేసరికి నా కుర్చీ అదిరింది. కాసేపటికి దానిపైన సన్నగా ఈల లాంటిది లేచింది. స్పీకర్ మోత మళ్లీ మైకులోకి దూరి కూస్తోందనుకుని, మిక్సర్ మీది ఫేడర్ మీట దించాను. తర్వాత మైకు పూర్తిగా ఆపేశాను. ఈల పోలేదు. నా చెవే అనుకున్నాను. అంతలో ఆ ఈల మెల్లగా కిందికి దిగి మళ్లీ పైకెక్కింది. నా చెవిలోది ఎప్పుడూ అలా కదిలేది కాదు.

అతను వేదిక దిగి నా దగ్గరికొచ్చాడు.

"మైకెందుకు ఆపినారన్నా? అది కూత కాదు. నా గొంతే."

"ఇద్దరు పాడినట్టుండాది గదప్పా."

"ఒగడే. వినన్నా."

నా కుడిపక్క నిలబడి పాడాడు. పెదవులు కదల్లేదు. కళ్లు నావైపే ఉన్నాయి గానీ నన్ను చూడటం లేదు. కింద తిరగలి, పైన ఈల. అతని వెనక ఎవరైనా ఉన్నారేమోనని నిజంగానే తొంగిచూశాను. ఎవరూ లేరు.

"ఆ పైదాన్ని మాత్రం తగ్గించొద్దన్నా. జనం వచ్చేది దానికే" అన్నాడు.

సాయంత్రం హాలు నిండింది. మా ఓనరు కూడా వచ్చి వెనక గోడకు ఆనుకుని నిలబడ్డాడు. దీపాలు తగ్గించారు. గొంతు లేచింది, దానిమీద ఈల లేచింది. చెప్పడానికి సిగ్గుగానే ఉంది, నాకు ఏడుపొచ్చినంత పనైంది. ఇన్నేళ్లు నా ఒక్కడికే వినపడిన కూత లాంటిది ఇప్పుడు అందరికీ వినపడుతోంది. కళ్లు మూసుకున్నాను. ఇంకా కావాలనిపించి ఫేడర్ కొంచెం పెంచాను. ఇంకొంచెం పెంచాను. ఈల పెరిగింది, నిటారుగా, ఎక్కడా కదలకుండా. ఎంత ఊపిరయ్యా ఈ మనిషికి అని మెచ్చుకున్నాను కూడా.

కళ్లు తెరిచేసరికి అతని నోరు మూసి ఉంది. రెండో అతను కొమ్ము దించేశాడు. ఈల మాత్రం సాగుతూనే ఉంది. మసక చీకట్లో హాలంతా చెవులు మూసుకుని, వెనక్కి తిరిగి నన్నే చూస్తోంది. ఏం జరుగుతోందో అర్థం కాలేదు. భయమేసింది. ఆ మూసిన నోటివైపే చూస్తూ ఉండిపోయాను.

ఓనరు పరుగున వచ్చి నా భుజం మీదుగా చెయ్యి చాపి ఫేడర్లన్నీ కిందికి లాగేశాడు. జనం చెవుల మీంచి చేతులు తీశారు. నాకు మాత్రం ఈల వినపడుతూనే ఉంది.

"మైకు అంతసేపు కూస్తా ఉంటే ఏం చేస్తుండావప్పా?" అన్నాడు నా కుడి చెవి దగ్గర, గొంతు తగ్గించి.

"ఆగిందా సార్?" అని అడిగాను.

ఆయన నా మొహంలోకి చూశాడు. తర్వాత నా భుజం పట్టుకుని మెల్లగా లేపి, ఆ కుర్చీలో తను కూర్చున్నాడు.