గడ్డం వణకని ఏడుపు

సినిమాలో ఎవరైనా ఏడిస్తే మా ఆవిడ వాళ్ళ కళ్ళు చూసేది కాదు, గడ్డం చూసేది. గుంటూరులో ఒక మిర్చి గోడౌనులో కాయలకు తొడిమలు తీసే పని ఆమెది. రోజంతా ఘాటులో కూర్చునే మనిషికి కంట్లో నీళ్ళంటే లెక్కేముంటుంది? "నీళ్ళదేముందయ్యా, కారానికీ వస్తాయి. నిజంగా ఏడుపొస్తే ముందు గడ్డం వణుకుద్ది," అనేది.

ఆ మాట నాకు నచ్చేది కాదు. నేను ఆటో తోలేవాణ్ణి. సినిమా అంటే నాకు పాటలు, ఫైట్లు, హీరో నడిచొస్తుంటే ఈలలు. మిర్చి యార్డుకు సెలవైన ఆదివారాలు నల్లపాడు నుంచి నా ఆటోలోనే మ్యాట్నీకి వెళ్ళేవాళ్ళం. ఒకసారి నా అభిమాన హీరో తల్లి శవం మీద పడి ఏడుస్తుంటే హాలంతా ముక్కులు చీదుతోంది. ఈవిడ తీరిగ్గా శనగలు నములుతూ, అది కారం ఏడుపని తేల్చేసింది. అదే సినిమాలో రెండు నిమిషాలు కనిపించే టీకొట్టు ముసలాయన, కొడుకు ఇక రాడని విని కూడా గ్లాసులు కడుగుతూనే ఉంటాడు, గడ్డం ఒక్కటే వణుకుతుంటుంది. ఆయన్ని చూసి మాత్రం వెక్కి వెక్కి ఏడ్చింది. నటన తెలిసింది ఆమెకే. అప్పుడు ఒప్పుకోలేదు, ఇప్పుడు ఒప్పుకుంటున్నాను.

పోయిన ఎండాకాలం ఒక సాయంత్రం ఇంటికొచ్చేసరికి ఆమె కళ్ళు ఎర్రగా వాచి ఉన్నాయి. ఇవాళ ఏ రకం కాయలని అడిగాను.

"తేజాలయ్యా, ఒకటే మంట," అని పొయ్యి వైపు తిరిగింది.

చన్నీళ్ళతో కడుక్కోమని చెప్పి, ఫోన్లో కొత్త సినిమా ట్రైలర్ పెట్టుకుని కూర్చున్నాను. ఆ ఆదివారం తనే అడిగి మరీ కామెడీ సినిమాకు తీసుకెళ్ళమంది. హాల్లో అందరికంటే ఎక్కువ నవ్వింది. పక్కన నేనూ హాయిగా నవ్వాను.

చలికాలం రాకముందే పోయింది. కడుపులో గడ్డ. పెద్దకర్మ నాడు ఆమెతో కలిసి తొడిమలు తీసే ఆవిడ నా పక్కన కూర్చుంది.

"ఎండాకాలంలో ఒక వారం తను పనికే రాలేదన్నయ్యా. బ్రాడీపేటలో డాక్టరు చెప్పింది విని, మా ఇంటికొచ్చి కూలబడి ఏడ్చింది. నీకు తెలిస్తే ఆటో అమ్మేస్తావని, చెప్పొద్దని నా చేత ఒట్టేయించుకుంది."

నా మీద నాకే ఒళ్ళు మండిపోయింది. కాయల పని నుంచి వచ్చి ఆమె చీర దులిపిన ప్రతిరోజూ నాకు తుమ్ములొచ్చేవి. తేజాలని చెప్పిన ఆ సాయంత్రం ఒక్క తుమ్ము కూడా రాలేదు. అది కూడా నాకు తట్టలేదు.

ఇప్పుడు ఒక్కణ్ణే మ్యాట్నీకి వెళ్తున్నాను. తెర మీద ఎవరు ఏడ్చినా నా చూపు గడ్డం మీదికే పోతుంది. చూడాల్సిన ఆ ఒక్క సాయంత్రం మాత్రం నేను ట్రైలర్ చూస్తూ కూర్చున్నాను.