ఇరవై ఒక్క ఇళ్ల బొంత

మొత్తం ఫైళ్లు నూట నలభై మూడు. పోయినవి పందొమ్మిది. అందులో పదిహేడు చుట్టాలవి, ఇరుగుపొరుగువి. ఒకటి మా అమ్మాయి మంజులది. ఒకటి అంతకన్నా పాతది.

ముందు లెక్క చెప్పి తర్వాత మాట చెప్పడం నా అలవాటు. దయ్యాలు, ఆత్మలు ఎప్పుడూ నా లెక్కలోకి రాలేదు. ఇప్పుడైనా వచ్చాయని అనను. జరిగింది జరిగినట్టు రాస్తున్నాను.

నేను పదో తరగతి వరకే చదివాను. నాందేడ్‌లో ఒక జిన్నింగ్ మిల్లులో పత్తి తూకాలు రాస్తూ, పాత పుస్తకాలు కొనుక్కుని కంప్యూటరు నేర్చుకున్నాను. ఇప్పుడు దుకాణాలకు తూకాల ప్రోగ్రాములు రాసి ఇస్తాను.

నా భార్య గంగామణిది కుండల్‌వాడి. వాళ్ల నాయన అక్కడి అంగట్లో ధాన్యం కొలిచేవాడు. కొలిచేవాళ్లు మొదటి కొలతను ఒకటి అనరు, లాభం అంటారు. తర్వాత రెండు, మూడు. గంగామణి కూడా ఏది లెక్కపెట్టినా లాభంతోనే మొదలుపెట్టేది.

ఆమె బొంతలు కుట్టేది. కాన్పుకు ముందు, పిల్లలు చల్లగా పెరిగిన ఇళ్లకు వెళ్లి, ఒక్కో పాత బట్ట అడిగి తెచ్చి, వాటిని కలిపి బిడ్డకు బొంత కుట్టడం వాళ్లింటి ఆచారం. మా మొదటి బిడ్డ తొమ్మిది రోజులే బతికింది. ఆమె బొంత ఆమెతోనే పోయింది. మంజుల కడుపులో ఉన్నప్పుడు గంగామణి ఇరవై ఒక్క గడపలు తిరిగింది.

ఒక వానాకాలం, తాను కుట్టిన బొంతలన్నీ రాసిపెట్టమంది. ఎవరి చీర, ఏ రంగు, ఎన్నో ముక్క, అన్నీ ఆమె చెప్పేది, నేను టైపు చేసేవాణ్ణి. బొంతకు ఒక ఫైలు. మార్పులతో సహా అన్నీ భద్రంగా ఉంటాయని గిట్ అనే ప్రోగ్రాములో దాచాను.

"గిట్ అంటే ఏంది?" అని అడిగింది.

"అన్నీ యాదుంచుకునే పెట్టె."

"మరి పెట్టె అంటే అయిపోతుండె గద. గిట్ల పేరెవలు పెట్టిండ్రు దానికి?"

మొదటి బిడ్డ ఫైలు మాత్రం నన్ను టైపు చేయనివ్వలేదు. చాయ్ పెట్టుకురమ్మని నన్ను వంటింట్లోకి పంపి, ఒక్కో అక్షరం వెతుక్కుంటూ తానే కొట్టింది. దానికి 'లాభం' అని పేరు పెట్టింది. నేను దాన్ని ఎప్పుడూ తెరిచి చూడలేదు.

మరుసటి ఏడాది ఆమె పోయింది.

మంజులను బొంతలు రాసిన ఆ వానాకాలానికి ముందే ముద్‌ఖేడ్ ఇచ్చాం. తల్లి పోయాక, ఏడో నెల కడుపుతో ఇంటికి వచ్చి, "బాపూ, అమ్మ నా బొంతకు ఎవలెవలి ఇండ్లకు పోయిందో చెప్పు. నేను గూడ ఆ ఇండ్లకే పోత" అంది. బొంత ఎప్పుడో చిరిగి పీలికలైపోయింది. ఫైలు తెరిచాను. ఖాళీ.

డిస్కు చెడిపోయింది. దాచినదంతా సరిగా ఉందో లేదో చూసే తనిఖీ ఆదేశం గిట్‌లో ఉంది. అది నడిపితే పందొమ్మిది వరుసలు వచ్చాయి, అన్నీ లేవని. పెన్‌డ్రైవులోనూ అవే పందొమ్మిది. ప్రతి సోమవారం నకలు తీసి, నూట నలభై మూడు ఉన్నాయో లేదో లెక్కపెట్టాను. సంఖ్య ప్రతిసారీ సరిపోయింది. లోపల ఏముందో ఒక్కసారీ చూడలేదు. తప్పు నాదే.

ఒక్క ఆధారం మిగిలింది. గిట్ ప్రతి ఫైలుకూ నలభై అక్షరాల గుర్తు కడుతుంది. అది ఫైలులో ఉన్న రాతను బట్టే వస్తుంది. ఒక్క చుక్క తేడా ఉన్నా వేరే గుర్తు వస్తుంది. ఫైళ్లు పోయినా గుర్తులు ఉన్నాయి. అవే మాటలు మళ్లీ రాయగలిగితే గుర్తు కలుస్తుంది. ఊహించి కలపడం మనిషి వల్ల కాదు.

బొంతలున్న ఇళ్లకు వెళ్లాను. కుండల్‌వాడిలో ఒక ముసలమ్మ, "ఏందయ్యా, బొంత ఉతుకుతున్ననా లేదా అని గంగామణి చూసి రమ్మందా?" అంటూనే కళ్లు తుడుచుకుంది. ముక్కలు చూసి, గంగామణి చెప్పే తీరులో రాసి, ఒక్కోదానికి ఇరవై ముప్పై సార్లు సరిచూశాను. పదిహేడూ కలిశాయి.

మంజులది చూసి రాయడానికి బొంత లేదు. టైపు చేసింది నేనే అయినా, నాకు అంకె గుర్తుంది, ఇళ్లు గుర్తు లేవు.

ఒక మధ్యాహ్నం నేను కంప్యూటరు ముందు ఉన్నాను. అన్నం తిని మంజుల పక్కనే చాప మీద పడుకుంది. కాసేపటికి నిద్రలో మాట్లాడటం మొదలుపెట్టింది.

"లాభం, లచ్చవ్వ ఎర్ర చీర. రెండు, భూమవ్వ పచ్చ రయిక..."

నా చేతులు వాటంతటవే టైపు చేశాయి. ఇరవై ఒకటి దాకా చెప్పి ఆగింది. తర్వాత ఇంకో మాట అని, అటు తిరిగి పడుకుంది.

గుర్తు చూశాను. కలవలేదు.

మంజుల చిన్నప్పుడు వాళ్లమ్మ ఎప్పుడో చెప్పి ఉంటుంది, మనసులో ఎక్కడో మిగిలి ఉంటుంది అనుకున్నాను. అప్పుడు ఆ చివరి మాట గుర్తొచ్చింది. అది ముక్కల లెక్క కాదని వదిలేశాను. దాన్నీ కింద రాశాను.

"ఓ మంజుల బాపూ, చాలు. ఇగ లే, చాయ్ సల్లారుతది."

నలభై అక్షరాలూ కలిశాయి.

నన్ను 'మంజుల బాపూ' అని పిలిచింది ఈ లోకంలో ఒక్క గంగామణే. ఆ ఫైలు రాసిన రోజు ఆమె అన్న మాటను ధ్యాసలో లేక ఫైలులోనే కొట్టేసి ఉంటాను. కొట్టినట్టు నాకే తెలియదు. ఆ రోజు మంజుల ఇక్కడ లేదు, ముద్‌ఖేడ్‌లో ఉంది.

మంజుల లేచాక అడిగాను. "నేనేం మాట్లాడిన? కల గూడ పడలే బాపూ" అంది. తర్వాత తెర మీద ఆ చివరి వరుస చదివి, నా భుజం మీద తల పెట్టింది.

ఇరవై ఒక్క ఇళ్లలో పందొమ్మిది ఇంకా ఉన్నాయి. ఇద్దరం కలిసి తిరిగాం. మిగతా రెండింటికి గంగామణి చీరలు రెండు కోశాం. మనవడు ఆ బొంతలోనే పడుకుంటాడు.

ఆ మధ్యాహ్నం ఏం జరిగిందో నాకు ఇప్పటికీ తెలియదు. కాగితం మీద ఎన్ని విధాలుగా వేసి చూసినా లెక్క తెగలేదు.

ఇప్పుడు సోమవారం తనిఖీ కూడా నడుపుతున్నాను. ఒక్క వరుసే వస్తుంది, 'లాభం' లేదని. ఆ ఫైలులోని మాటలు గంగామణికి తప్ప ఎవరికీ తెలియవు. మంజుల వచ్చి మధ్యాహ్నం పడుకుంటే, పని లేకపోయినా కంప్యూటరు తెరిచి పక్కన కూర్చుంటాను.

పోయినవి పందొమ్మిది. వచ్చినవి పద్దెనిమిది. ఇంకా రావలసింది ఒకటి.