అదనపు గంటల సొమ్ము

కరోనా తగ్గిన మరుసటి ఏడాది నేను హన్మకొండలో ఒక బ్యాంకు శాఖలో ఎడ్యుకేషన్ లోన్లు చూసేదాన్ని. కాశిబుగ్గలో దుప్పట్ల దుకాణం నడిపే వీరేశం గారు ఒకరోజు కూతురు శ్రావణిని వెంటబెట్టుకుని వచ్చారు. ఇంటర్ పూర్తిచేసిన ఆ అమ్మాయికి పైలట్ కావాలని కోరిక. పొరుగు రాష్ట్రంలో ఒక ఫ్లయింగ్ స్కూల్లో సీటు కూడా వచ్చింది. లోన్‌కు ఇల్లు తాకట్టు పెడతామన్నారు. మార్జిన్ మనీ, అంటే కుటుంబం సొంతంగా పెట్టుకోవలసిన వాటా కోసం, స్టేషన్ ఘన్‌పూర్‌లో ఉన్న ప్లాటు అమ్మాలనుకున్నారు.

స్కూలు చెప్పిన ఫీజు చిన్న విమానం మీద రెండు వందల గంటల శిక్షణకు. కమర్షియల్ లైసెన్స్‌కు కావలసిన కనీస గంటలవి. హాస్టలు, పరీక్షల రుసుములు అందులో లేవు. ముందు మెడికల్ చేయించమన్నాను. కళ్లో చెవులో బాగాలేవని తేలితే కట్టిన ఫీజు నీళ్లపాలే. ఆ తర్వాత కూడా ఒకేసారి కట్టకుండా విడతలుగా కట్టమన్నాను.

మెడికల్ పాసై, ప్లాటు అమ్ముడయ్యాక వీరేశం గారు ఒక్కరే వచ్చారు. అప్పుడు ఇంకో ఖర్చు సంగతి ఎత్తాను.

"ల్యాండింగ్ బాగా కుదిరేదాక ఇన్‌స్ట్రక్టర్ ఒంటరిగా పంపడు. కొందరికి ఎక్కువ గంటలు పడ్తయి. ప్రతి గంటకు మళ్లీ కట్టాలె. ప్లాటు పైసలల్ల కొన్ని దానికోసం పక్కకు పెట్టుండ్రి."

మార్జిన్ పోగా మిగిలే డబ్బుతో దుకాణం మీద ఒక అంతస్తు వేసుకోవాలని ఆయన ఆశ. ముఖం చిన్నబోయింది.

"వస్తదని పంపిస్తున్న మేడం. రాదనుకోని పైసలు దాస్తమా?"

"రాదని కాదు, టైం పడ్తదని."

చివరికి అందులో కొంత ఫిక్స్‌డ్ డిపాజిట్ చేశారు. లేచేటప్పుడు మెల్లగా అన్నారు: "బిడ్డకు చెప్పకుండ్రి. దాని మీద నమ్మకం లేదనుకుంటది." సరేనన్నాను.

కొన్ని నెలలకు శ్రావణి నాకు ఫోన్ చేసింది. తోటివాళ్లంతా సోలో, అంటే ఒంటరిగా ఎగరడం, పూర్తిచేశారు. తనకు మాత్రం ల్యాండింగ్ కుదరడం లేదు. ఇంకొన్ని గంటలు కావాలన్నారట.

"నేను వచ్చేస్త మేడం. డిగ్రీల చేర్త. మిగిలిన లోన్ ఆపుండ్రి. ప్లాటు అమ్మి పంపిండు, మళ్ల పైసలెట్ల అడుగుత?"

తండ్రికిచ్చిన మాట గుర్తొచ్చింది. అయినా ఆ పిల్ల గొంతు విన్నాక అది దాచవలసిన విషయంగా అనిపించలేదు.

"ఆ గంటల కోసమే మీ డాడీ పైసలు విడిగ పెట్టిండు శ్రావణీ. నువ్వు పోకముందే."

"డాడీకి ముందే ఎరుకనా?" అంది.

మర్నాడు డిపాజిట్ తీయడానికి వీరేశం గారు వచ్చారు. నేను మాట తప్పానని చెప్పబోతే చేత్తో వద్దన్నారు. "మంచిగ చెప్పిండ్రు. రాత్రి ఫోన్ల ఏడ్సింది. వచ్చేస్తనన్నది విమానం దింపుడు రాక కాదట మేడం, నన్ను అడుగుడు రాక."

ఆ గంటలతో శ్రావణి సోలో పూర్తిచేసింది. లైసెన్సూ వచ్చింది. ఎయిర్‌లైన్ ఉద్యోగం ఇంకా రాలేదు. పెద్ద విమానం నడపడానికి కావలసిన టైప్ రేటింగ్ శిక్షణకు మళ్లీ ఖర్చుంది. ప్రస్తుతం తను నేర్చుకున్న ఫ్లయింగ్ స్కూల్లోనే ఆఫీసు పనిచేస్తూ లోన్ వాయిదాలు కడుతోంది. దుకాణం మీద అంతస్తు లేవలేదు.

నేర్చుకోవడానికి అయ్యే ఖర్చులో ఆలస్యానికీ ఒక వాటా ఉంటుంది. దాన్ని పెద్దవాళ్లు పక్కన పెడితే చాలదు, అది ఉందని నేర్చుకునేవాళ్లకు తెలియాలి. ఇప్పుడు ఆ మాట నేను లోన్ కోసం వచ్చే పిల్లల్ని ఎదురుగా కూర్చోబెట్టుకునే చెప్తున్నాను.