మూడో అంకంలో లేవాల్సిన వీపు

రచయిత కావాలంటే ముందు కష్టాలు పడాలని ఆ రోజుల్లో ఎవరో నా చెవిన వేశారు. నాకేమో చెప్పుకోదగ్గ కష్టం ఒక్కటీ లేదు. అల్లూరు పక్కన ఒక పల్లెలో ఎలిమెంటరీ స్కూలు ఉద్యోగం, పూటకూళ్లమ్మ ఇంట్లో రెండు పూటలా మొలగొలుకుల అన్నం, ఇరవై రెండేళ్ల వయసు. ఇంత దిక్కుమాలిన సుఖంలో సాహిత్యం ఎక్కడినుంచి పుడుతుంది? అందుకని ఇతరుల కష్టాలు అరువు తెచ్చుకుందామని నిశ్చయించుకున్నాను. ఏటా కోతల కాలానికి ఉదయగిరి వైపు మెట్ట ఊళ్ల నుంచి జనం ముఠాలుగా దిగేవాళ్లు. అక్కడ వానలు లేవు, పనులు లేవు. ఇక్కడ పండిన వరి కోయడానికి చేతులు చాలవు. కొడవళ్లు, కుండలు, చంటిపిల్లలు, ఒకటో రెండో కోళ్లు, అన్నీ మోసుకుంటూ నడిచి వచ్చి, కళ్లాల పక్కన తాటాకు పాకలు వేసుకుని, కోతలయ్యాక కూలి గింజలు మూట కట్టుకుని వెళ్లిపోయేవాళ్లు. ఎండాకాలమంతా ఆ మూటే వాళ్లకు తిండి. ఇదంతా నేను స్కూలు కిటికీలోంచి చూసి, చూసినంత మాత్రాన తెలిసిపోయిందనుకుని, వాళ్ల మీద మూడంకాల నాటకం ఒకటి రాసి పారేశాను.

ఆ నాటకాన్ని మొదట చదివినవాడు బిట్రగుంట మామ. మా అమ్మ తమ్ముడు, అక్కడ రైల్వేలో గుమాస్తా. వచ్చే ప్రతి పత్రికా చదివి, ప్రతి దాంట్లోనూ ప్రతీకలు వెతికేవాడు. (ఒకసారి మా అత్త వంకాయ కూరలో ఉప్పు మరిచిపోతే, "ఇది జీవితంలోని నిస్సారతకు ప్రతీక" అన్నాడట. "కాదు, డబ్బాలో ఉప్పు నిండుకున్నదానికి ప్రతీక, పోయి పట్టుకురండి" అందావిడ.) నా నాటకం చదివి మామ పెదవి విరిచాడు. "ఏడుపు ఉందిరా, ప్రతీక లేదు. పైగా నీ కూలివాడు మొదట ఎట్టా ఉన్నాడో చివరా అట్టానే ఉన్నాడు. పాత్ర ఎదగాలి! ఎదగని పాత్ర పాత్రే కాదు" అన్నాడు. ఆ పూటంతా ఇద్దరం కూర్చుని నా కూలివాణ్ణి ఎదిగించాం. మొదటి అంకంలో నడుం వంచి ఉంటాడు. రెండో అంకంలో సగం లేస్తాడు. మూడో అంకంలో నిటారుగా నిలబడి, "రేపట్నించి నీ చేలో మా కొడవలి దిగదు!" అని పొలం గల ఆసామి మొహాన చెప్పి, చేతిలోని సంగటి కుండను ఆయన కాళ్ల దగ్గర పగలగొడతాడు. కుండ ఆకలికి ప్రతీక, పగలడం విముక్తికి ప్రతీక. మామ లేచి నా వీపు తట్టాడు. నేను కూడా మనసులో తట్టుకున్నాను.

స్కూలు వార్షికోత్సవంలో ఆడించాలనుకుంటే కూలివాడి వేషానికి మనిషి దొరకలేదు. ఊళ్లో కుర్రాళ్లంతా ఆ మొలగొలుకుల అన్నమే తింటున్నారు కాబట్టి ఒక్కడికీ ఎముకలు కనబడవు. ఆసామి వేషానికి మాత్రం పోస్టుమాన్ వెంటనే కుదిరాడు, పొట్ట ఆయనకు సొంతంగానే ఉంది. చివరికి, అసలు కూలివాణ్ణే పెడితే పోలా అని నాకు బుద్ధి పుట్టింది. కళ్లం దగ్గరికి పోయి అడిగితే ముఠా మేస్త్రీ ఒక మనిషిని ముందుకు తోశాడు. అందరూ ఆయన్ని కొంకన్న అనేవాళ్లు. కొంకిలాగా నడుం దగ్గర వంగిపోయి ఉండేవాడు. చూడగానే ఇతడే నా మొదటి అంకం అనుకున్నాను. చదువు రాకపోయినా మాటలు వింటే చాలు పట్టేసేవాడు. పోస్టుమాన్ నాలుగు రోజులకి కూడా తన ముక్కలు అప్పజెప్పలేకపోతే, పక్కనుంచి కొంకన్నే అందించేవాడు. స్కూలు విడిచాక జరిగే రిహార్సల్సుకి కోత ముగించుకుని, కాళ్లకు బురదతోనే వచ్చి, నేను తెప్పించిన బోండాల్లో ఒకటి తిని తక్కినవి తలగుడ్డలో కట్టుకునేవాడు.

చిక్కంతా మూడో అంకంలో వచ్చింది. "కొంకన్నా, లే" అన్నాను. లేచాడు. "ఇంకా లే." "లేచినా గదా అయ్యోరా." "నిటారుగా నిలబడాలయ్యా!" "ఇదే నిటారు సామీ. పదేళ్లనాడే బిగదీసుకుపోయినాది. ఇంతకంటే లేస్తే పడిపోతా." చూస్తే నిజమే, ఆ మనిషి నడుం అంతకంటే లేవదు. నా పాత్ర ఎదుగుదల అంతా ఆ వీపు మీద ఆధారపడి ఉంటే, అది అక్కడే ఆగిపోయింది. నేను తల పట్టుకుంటే మామ ఉపాయం చెప్పాడు: "పైకి లేవకపోతే ఏమైందిరా, మొదటి అంకంలో ఇంకా కిందికి వంచు!" అట్లా ఆ మహానుభావుణ్ణి ముక్కు మోకాలికి తగిలేంత వంచి, అక్కడినుంచి ఎదిగించాం. పగలంతా చేలో వంగి వచ్చినవాణ్ణి సాయంత్రం కళ కోసం మళ్లీ వంచుతున్నామన్న ఆలోచన మా ఇద్దరిలో ఒక్కరికీ రాలేదు.

ఇక కుండ. కొంకన్న పాకలోని కుండ సంగటి మాడీ మాడీ నల్లగా నిగనిగలాడుతూ అచ్చంగా ఆకలికి ప్రతీకలాగే ఉండేది. అదిస్తే బాగుంటుందని వెళ్లి కొంకన్న భార్యను అడిగాను. ఆమె కుండను వెనక్కి పెట్టేసుకుంది. "ఇది పగలగొడితే దేంట్లో వండాల? అయినా కుండ పగలగొట్టేది యాడో తెలుసునా అయ్యోరా? కాటికాడ! బతికుండే మనిషి చేత ఆ పని చేయిస్తారా?" అని గద్దించింది. నేను చదువుకున్నవాడి నవ్వొకటి నవ్వి, కుమ్మరి దగ్గర కొత్త కుండ కొన్నాను. సంగతి విని మామ ఎగిరి గంతేశాడు. "మృత్యువు కూడా వచ్చి చేరిందిరా! ఒక్క కుండలో రెండు ప్రతీకలు!"

వార్షికోత్సవానికి అసలు ఆసామే ముఖ్య అతిథి. ముఠా మొత్తం కోస్తున్నది ఆయన చేలే. బల్లలు ఆయనవి, పందిరి ఆయనది, పోస్టుమాన్ మెడలోని జరీ కండువా కూడా ఆయన ఇంట్లో అడిగి తెచ్చిందే. (నాటకంలో ఆసామి కల్పిత పాత్ర కదా, ఈయనకేం సంబంధం అనుకున్నాను. నా తెలివి అంతవరకు ఉండేది.) పెట్రోమాక్సు దొరకక సాయంత్రం వెలుతురులోనే మొదలుపెట్టాం. రెండంకాలు చక్కగా నడిచాయి. మూడో అంకంలో పోస్టుమాన్ కండువా సవరించుకుంటూ కూలివాణ్ణి తిడుతుంటే, ముందు వరసలోంచి, "ఏందిరా, ఆ కండువా నాదే గదా!" అని ఒక గొంతు వినబడింది. జనం గొల్లుమన్నారు. ఆయన మాత్రం నవ్వలేదు. కుర్చీలో ముందుకు వంగి, తన కండువా వేసుకున్నవాణ్ణి కొంకన్న ఏమంటాడో వినడానికి సిద్ధంగా కూర్చున్నాడు.

దుప్పటి తెర పక్కనుంచి నాకు అంతా కనబడుతోంది. దూరంగా నేల మీద కూర్చున్న ముఠా జనంలోంచి మేస్త్రీ లేచి నిలబడ్డాడు. తూర్పు వైపు చేలు ఇంకా సగం కోతకు ఉన్నాయి. ఆసామి రావద్దంటే ఆ మనుషులంతా ఖాళీ మూటలతో ఉదయగిరి దాకా నడవాలి. ఈ సంగతి నాకు తప్ప అక్కడ అందరికీ తెలుసు. కొంకన్న కుండ ఎత్తాడు. ఒకసారి పోస్టుమాన్‌ని చూశాడు, ఒకసారి ముందు వరసను చూశాడు. నేను "రేపట్నించి, రేపట్నించి" అని పక్కనుంచి అందిస్తున్నాను. "రేపు..." అన్నాడు కొంకన్న. ఆగాడు. "రేపు పొద్దు పొడవకముందే వచ్చేస్తాం సామీ. తూరుపు చేను మిగిలుండాది గదా" అన్నాడు. అని, కుండను మెల్లిగా కింద పెట్టి, తలగుడ్డతో దాని అంచు తుడిచాడు.

జనం కడుపులు పట్టుకుని నవ్వారు. అందరికంటే గట్టిగా నవ్వినవాడు అసలు ఆసామి. మేస్త్రీ కూర్చున్నాడు. కొంకన్న భార్య అందరి మధ్య నుంచి నడుచుకుంటూ వేదిక దగ్గరికి వచ్చి, నా కొత్త కుండను చంకన పెట్టుకుని వెళ్లిపోయింది. నాకు భూమిలోకి కుంగిపోవాలనిపించింది. మామ చాలాసేపు ఏమీ మాట్లాడలేదు. (ఆయన జీవితంలో అది రెండోసారి. మొదటిది పెళ్లిలో.) మర్నాడు చేను గట్టు మీదికి పోయి కొంకన్నను నిలదీశాను. ఆయన కోత ఆపకుండానే, "మాట మర్చిపోయినా అయ్యోరా. మొద్దు బుర్ర" అన్నాడు. నేను నమ్మాను! పోస్టుమాన్ మాటలు కూడా అప్పజెప్పిన మనిషి తన ఒక్క మాట మర్చిపోయాడంటే నమ్మేసి, ఇట్లాంటి మట్టిబుర్రలతో కళ ఎట్లా బతుకుతుందని పూటకూళ్లమ్మ దగ్గర కూడా వాపోయాను.

తర్వాత వారం తిరగలేదు. తూర్పు చేలో కోసి పరిచిన వరి పనలు ఎత్తుతుంటే కింద రక్తపింజర ఉంది. కొంకన్నను బండి మీద ఆసుపత్రికి తీసుకుపోతుంటే దారిలోనే ప్రాణం పోయింది. స్కూలు మూసి నేనూ వెళ్లాను. పాడె మీద పడుకోబెడితే వీపు ఆనలేదు. తల వైపు ఆనిస్తే కాళ్లు లేస్తున్నాయి, కాళ్లు అదిమితే తల లేస్తోంది. చివరికి తలకింద ఇంత, మోకాళ్ల కింద ఇంత వరిగడ్డి ఎత్తు పెట్టి, అట్లాగే వంగినట్టే మోసుకుపోయారు. కుండ కావాలన్నారు. కొంకన్న భార్య పాకలోకి పోయి, నల్ల కుండను ముట్టుకోకుండా, నేను కొన్న కుండ తెచ్చి ఇచ్చింది. ముఠాలోనే ఉన్న కొంకన్న తమ్ముడు దాన్ని భుజాన పెట్టుకుని చితి చుట్టూ తిరిగి, వెనక్కి చూడకుండా వదిలేశాడు. ఒక్క దెబ్బకు పగిలింది. నాకు ఏడుపు ఆగలేదు. పక్కన మామ కూడా ఉన్నాడు. ఇది దేనికి ప్రతీకో ఆయన చెప్పలేదు, నేను అడగలేదు.

చావు జరిగిందని కోత ఆగలేదు. అన్నీ ముగిసి ముఠా బయలుదేరిన పొద్దున వీడ్కోలు చెప్పడానికి వెళ్లాను. కొంకన్న భార్య గింజల మూట నెత్తికెత్తుకుని, నల్ల కుండ చంకన పెట్టుకుని ఉంది. "పాపం, మంచివాడమ్మా. నాటకంలో ఒక్క మాటే మర్చిపోయాడు గానీ" అన్నాను. ఆమె నా వైపు వింతగా చూసింది.

"మర్చిపోయినాడా? యాడ మర్చిపోయినాడు అయ్యోరా! దినామూ పొద్దున ఈ కుండ దించంగానే దీని ముందర నిలబడి చెప్పేవోడు. 'రేపట్నించి నీ చేలో మా కొడవలి దిగదు' అని. పిలకాయలు పడీపడీ నగేవోళ్లు. ప్రాణం పోయిన దినం పొద్దున గూడా చెప్పినాడు. చెప్పి, కొడవలి తీసుకోని చేలోకి పొయినాడు."

ముఠా కాలవ కట్ట మీదుగా వెళ్లిపోయింది.

ఆ నాటకం తర్వాత అచ్చయింది. మూడో అంకం మార్చాలని ఎన్నిసార్లు కూర్చున్నా నా చేత కాలేదు. రిటైరయ్యాక ఈమధ్య ఒక కాలేజీ పిల్లలు దాన్ని ఆడుతూ నన్ను పిలిచారు. హీరో కుర్రాడు కసరత్తు చేసిన మనిషి. మొదటి అంకంలో వంగడానికే అవస్థ పడ్డాడు. మూడో అంకంలో మాత్రం గడకర్రలా నిలబడి, మాట గట్టిగా చెప్పి, కుండ ముక్కలు ముక్కలు చేశాడు. చప్పట్లు ఆగలేదు. తర్వాత దగ్గరికొచ్చి, ఎలా చేశానని అడిగాడు. "బాగుంది నాయనా. ఆ మాట చెప్పేటప్పుడు ఇంకాస్త వంగి ఉంటే..." అన్నాను.

"అదేంటి మాస్టారూ, అక్కడ నిటారుగా నిలబడాలని మీరే రాశారు కదా!"

అవును, నేనే రాశాను. ఇరవై రెండేళ్లప్పుడు, కడుపు నిండా అన్నం తిని. అప్పటి ఆ కుర్ర అయ్యోరిని తలుచుకుంటే నవ్వొచ్చింది. నవ్వుతూనే లేవబోయాను. ఈ వయసులో నా నడుమూ ఒక పట్టాన లేవడం లేదు. ఆ హీరో కుర్రాడే చెయ్యి అందించి నన్ను నిలబెట్టాడు.