యోగానంద్‌గారి పదకొండు గంటల చెకౌట్

అమెరికాలో, బాతెల్ ఊళ్ళో ఉండే యోగానంద్‌గారికి ఒక్కటే జబ్బు: బయల్దేరడం. ఎక్కడికి వెళ్ళినా చెప్పులు విడవకముందే ఆయన మనసు తిరుగు ప్రయాణంలో ఉంటుంది. సోఫాలో కూర్చుని కాఫీ అందుకుంటూ "ఇక బయల్దేరదామా?" అంటారు. ఆ సోఫా, ఆ ఇల్లు ఆయనవే అయినా సరే అంటారు.

ఇండియా ఫ్లైటు సాయంత్రం ఆరింటికైతే పొద్దున్న ఏడింటికే ఎయిర్‌పోర్టులో ట్రాలీ పట్టుకుని నిలబడతారు. ఓసారి కౌంటర్లో అమ్మాయి టికెట్ చూసి, "నిన్నటి ఫ్లైట్ మిస్సయ్యారా సార్?" అని పాపం జాలిపడింది. కేశవరావుగారి అబ్బాయి పెళ్ళికి ఎంత ముందు వెళ్ళారంటే, హాలు తలుపు తీసినవాడు ఈయన్నే పురోహితుడనుకుని పీటలెక్కడ వేయాలో అడిగాడు. ఈయన చూపించారు కూడా. రిటైరవడానికి మూడేళ్ళ ముందే ఆఫీసులో డెస్కు సర్దేసి, ఆ మూడేళ్ళూ ఒక పెన్నుతో, ఒక టీ కప్పుతో ఇంజనీరింగ్ వెలగబెట్టారని చెప్పుకుంటారు.

అలాంటి మనిషితో నాలుగు రోజులు కొండల అవతల లేక్ ఒడ్డున క్యాబిన్‌లో ఉందామని దివాకర్‌కి ఎందుకు తోచిందంటే, క్యాబిన్‌లో రెండు బెడ్‌రూములున్నాయి, పక్కింట్లో యోగానంద్‌గారున్నారు, అంతే. అది 2011 ఆగస్టు. దివాకర్ అప్పటికే చేపలు పట్టడం మీద నలభై వీడియోలు చూశాడు, పద్నాలుగు జేబుల కోటొకటి కొన్నాడు. ఏ జేబులో ఏముందో మాత్రం తెలిసేది కాదు.

దివాకర్ భార్య ప్రమోద కూడా తన పేరు మీద ఫిషింగ్ లైసెన్స్ తీసుకుంది. చిన్నప్పుడు అవనిగడ్డలో కాలవ గట్టున అన్నయ్యలిద్దరూ గాలాలు వేస్తుంటే, వానపాముల డబ్బా పట్టుకుని నిలబడడమే ఆమె డ్యూటీ. ఒక్కసారి ఇవ్వండిరా అంటే, "నువ్వు పెద్దయ్యాక" అనేవాళ్ళు. ఇప్పుడామెకి ముప్పై ఎనిమిది. ఇంతకంటే పెద్దవడం ఇక తన వల్ల కాదనిపించి, సొంతంగా ఒక గాలం రాడ్ కొనుక్కుంది.

ఆ రాడ్ మూడు రోజులపాటు ప్లాస్టిక్ కవర్లోనే తలుపు మూల నిలబడింది. మొదటి రోజు రైస్ కుక్కర్ దించి పులిహోర పోపు పెట్టేసరికి స్మోక్ అలారం మోగింది. ప్రమోద కుర్చీ ఎక్కి తువ్వాలుతో విసురుతుంటే దివాకర్ కిటికీలోంచి, "లేక్ దాకా వినిపిస్తోంది, చేపలు పారిపోతాయి" అని కేకేశాడు. రెండో రోజు ఇడ్లీలు, మూడో రోజు పూరీలు. గాలం వేసినవాళ్ళకి ఆకలి ఎక్కువట.

"నేనూ ఒక గంట వస్తానండీ," అని రోజూ అడిగింది.

"రేపు వెళ్దువుగాని," అని రోజూ అన్నాడు.

మూడు రోజుల్లో దివాకర్ పట్టినవి రెండు: తన టోపీ, యోగానంద్‌గారి చొక్కా కాలరు.

యోగానంద్‌గారు మాత్రం వచ్చీ రాగానే ఫ్రిజ్ మీద అంటించిన కాగితం పైకి చదివారు. "బుధవారం పదకొండింటికి చెకౌట్. అంటే పది. అంటే తొమ్మిదిన్నర. దారిలో ట్రాఫిక్ తగులుతుందమ్మా."

"వీక్ డే అంకుల్. దారిలో జింకలు తప్ప ఏమీ ఉండవు," అంది ప్రమోద.

"అవి కూడా అడ్డమేగా," అన్నారాయన.

సూట్‌కేసు విప్పలేదు. పళ్ళు తోముకోవడానికి బ్రష్ బయటికి తీసి, తోముకుని, మళ్ళీ సర్దేవారు. మూడో రోజు సాయంత్రానికి ఎవరూ వాడని గరిటెలన్నీ కారెక్కాయి. ప్రమోద కూతురు, తొమ్మిదేళ్ళ ఇషా, ఒక చెప్పు కారులో, ఒక చెప్పు కాలికి ఉండగా, "అంకుల్, ఐయామ్ స్టిల్ యూజింగ్ ఇట్" అని వెంటపడింది. ఆయన భార్య కృష్ణకుమారిగారు మాత్రం పట్టించుకోకుండా పుస్తకం చదువుకునేవారు.

ఇక మిగిలింది చివరి రోజు. స్టవ్ తోమాలి, తెల్ల కౌంటర్ మీద పసుపు మరక వదిలించాలి, దుప్పట్లు తీయాలి, ఇల్లంతా కమ్ముకున్న ఇంగువ వాసన తరమాలి. ఇవన్నీ ఎవరి పనో ఎవరూ చెప్పక్కర్లేదు. ఆరింటికే లేచి, పని మొదలుపెట్టేలోపు ఒక్క గంట గాలం వేయాలని ప్రమోద గట్టిగా అనుకుంది. ఆ గంట కూడా పోతే ఇక ఈ జన్మకి వానపాముల డబ్బాయే గతి.

లేచి చూస్తే తలుపు మూల రాడ్ లేదు. సంచులు లేవు. రైస్ కుక్కర్ లేదు. విసవిసా వంటింట్లోకి నడిచింది. అక్కడ యోగానంద్‌గారు పాత టూత్‌బ్రష్‌తో స్టవ్ నాబ్ తోముతున్నారు.

"చెకౌట్ పదకొండింటికి అంకుల్. నా రాడ్ కూడా ప్యాక్ చేసేశారా? ఒక్కరోజు, ఒక్క గంట అడిగాను నేను."

ఆయన కళ్ళజోడు పైకి తోసుకున్నారు. "రాడ్ ప్యాక్ చేయలేదమ్మా. డాక్ మీద పెట్టాను. కవర్ తీసేశాను, వానపాములు డబ్బాలో ఉన్నాయి. ఇప్పుడు ఆరు. నీకు అయిదు గంటలుంది. నాలుగున్నర అనుకో."

ప్రమోద చుట్టూ చూసింది. కౌంటర్ మీద పసుపు మరక లేదు. కిటికీలన్నీ తెరిచి ఉన్నాయి. చెత్త కట్టి గుమ్మం దగ్గర పెట్టి ఉంది.

"ఇదంతా మీరు..."

"వెళ్ళమ్మా, మీ ఆంటీ ఎదురుచూస్తోంది," అని ఆయన రెండో నాబ్ అందుకున్నారు.

లేక్‌లోకి చాచిన చెక్క డాక్ మీద కృష్ణకుమారిగారు నీళ్ళలో కాళ్ళు పెట్టుకుని, స్టీలు గ్లాసులో కాఫీ తాగుతున్నారు.

"డెబ్భై ఆరులో మిషిగన్‌లో ఇలాంటి క్యాబిన్‌కే వెళ్ళాం," అన్నారావిడ. "మగాళ్ళు బోట్లో, నేను పొయ్యి దగ్గర. చివరి రోజైనా కాళ్ళు తడుపుకుందామని వస్తుంటే ఈయన హారన్ కొట్టారు, టైమైపోయిందని. ఇంటిదాకా నేను మాట్లాడలేదు. ఆరు గంటల డ్రైవ్."

"తర్వాత?"

"అప్పట్నుంచీ చివరి రోజు పనంతా ఆయనదే. నేను లేచేలోపు అయిపోవాలని ముందు రోజు మొదలుపెట్టేవారు. తర్వాత దాని ముందు రోజు. అలా ముదిరింది."

"మరి ఎయిర్‌పోర్టుకి పదకొండు గంటల ముందెళ్ళడం?"

"అది మాత్రం ఒఠ్ఠి పిచ్చేనమ్మా."

తొమ్మిదయింది, పదయింది. చేప జాడ లేదు. కాళ్ళకింది దుప్పటి కూడా ఎవరో మడతపెట్టేస్తే మెలకువొచ్చిన దివాకర్, పద్నాలుగు జేబులతో డాక్ మీదికొచ్చాడు. పదిన్నరకి యోగానంద్‌గారు వాచీ చూసుకుంటూ వచ్చారు. "బయల్దేరదామా?" అనడానికి ఆయన నోరు తెరిచారు.

అప్పుడే ప్రమోద రాడ్ వంగింది.

"లాగు, లాగు, వీడియోలో అలాగే ఉంది," అన్నాడు దివాకర్. "అమ్మా, హర్రీ అప్," అంది ఇషా. ప్రమోద బలమంతా పెట్టి లాగింది. దారం తెగిపోయేలా ఉంది.

యోగానంద్‌గారు వాచీ విప్పి జేబులో వేసుకున్నారు. "తొందరేమీ లేదమ్మా," అన్నారు. "కాసేపు వదులు. అలిసిపోనీ. మనకి బోలెడు టైముంది."

అందరూ ఆయన వైపు తిరిగారు. కృష్ణకుమారిగారి చేతిలో కాఫీ గ్లాసు నీళ్ళలో పడింది. ముప్పై తొమ్మిదేళ్ళ కాపురంలో ఆ మాట వినడం ఆవిడకి అదే మొదటిసారి.

పావుగంట పట్టింది. మోచేతి పొడుగు ట్రౌట్ చేప డాక్ మీద పడి కొట్టుకుంటుంటే ప్రమోద దాని పక్కనే చతికిలబడి నవ్వుతూనే ఉండిపోయింది. ఎన్నో ఏళ్ళుగా ఆమె అంత ఆనందంగా నవ్వలేదు.

"ఇలా ఇవ్వు," అన్నాడు దివాకర్ జేబుల్లో ఫోన్ వెతుక్కుంటూ. "పట్టుకుని ఒక ఫోటో దిగుతాను."

"రేపు దిగుదువుగాని," అంది ప్రమోద.

చేప ఐస్ బాక్స్ ఎక్కింది. ఇంటికెళ్ళాక అది ఎవరు కడగాలో, ఎవరు వండాలో దివాకర్‌కి డాక్ మీదే చెప్పడం జరిగింది. క్యాబిన్ తాళంచెవి గుమ్మం పక్కనున్న పెట్టెలో వేసేసరికి పదకొండుకి రెండు నిమిషాలు తక్కువ. అంత ఆలస్యంగా యోగానంద్‌గారు ఎక్కడినుంచీ కదిలి ఎరగరు. చొక్కా చెమటతో తడిసిపోయింది.

"వచ్చే ఏడు కూడా వద్దాం అంకుల్," అంది ప్రమోద కారెక్కుతూ.

"దానికేం భాగ్యం," అన్నారాయన సీటు బెల్టు పెట్టుకుంటూ. "సూట్‌కేసు ఎలాగూ సర్దే ఉంది. ఎప్పుడు బయల్దేరదాం?"